ఒక్క గడి తేడా

ముందే చెప్పుకుంటున్నాను. నేను అక్షరాలు దిద్దింది అరవై రెండో ఏట. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మరిచిపోతాను, ఒక పేజీ రాయడానికి రెండు పూటలు పడుతుంది. చదివేవాళ్ళు సర్దుకోవాలి. నెమ్మదిగా రాస్తానే గానీ, చూసింది చూసినట్టే రాస్తాను.

గడియారాలు బాగుచేసే కొట్టు మీద, రెండో అంతస్తులో, ఒక పొడుగాటి గది ఉంది. పదకొండు బల్లలు, ఇరవై రెండు కుర్చీలు, మూలన గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి. దాన్ని గో గది అంటారు. గో అనేది ఒక ఆట. ఆ గదిలో నేను టీ కాస్తాను, ఆట అయ్యాక రాళ్ళు తుడిచి డబ్బాల్లో పోస్తాను. మా ఆయన కన్నుమూసిన దగ్గర్నుంచి నా పని ఇదే.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. చెక్కపలక మీద నిలువుగా పంతొమ్మిది గీతలు, అడ్డంగా పంతొమ్మిది. గీతలు కలిసే చోట ఒకరు నల్లరాయి, ఒకరు తెల్లరాయి మార్చి మార్చి పెడతారు. పెట్టిన రాయిని మళ్ళీ కదపకూడదు. ఎదుటివాడి రాళ్ళను అన్ని వైపులా చుట్టేస్తే అవి చచ్చినట్టు, తీసి పక్కన పడేస్తారు. చివరికి ఎవరు ఎక్కువ ఖాళీజాగాకు కంచె వేసుకున్నారో వాళ్ళదే గెలుపు. ఆ జాగాను గడుల్లో లెక్కపెడతారు. ఇద్దరిలో ఒకడు ఆటలో తక్కువవాడైతే, ఆట మొదలుకాకముందే అతను కొన్ని నల్లరాళ్ళు పలక మీద పెట్టుకోవచ్చు. రెండు మొదలు తొమ్మిది దాకా. వాటిని మా గదిలో ముందురాళ్ళు అంటారు. అందుకే అక్కడ మనిషికీ మనిషికీ మధ్య దూరాన్ని రాళ్ళలోనే చెబుతారు. "వాడు నాకన్నా మూడు రాళ్ళు కింద" అంటారు.

ఆ లెక్కే మా ఇంటి మీదికి వచ్చింది.

నాకు అక్షరాలు నేర్పింది ఆ గదిలోని పోస్టాయన. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊరందరి ఉత్తరాలూ మోసినవాడు, ఇప్పుడు పింఛను మీద ఉన్నాడు. గదిలో అందరికన్నా ఆట రానివాడు ఆయనే. ఆయనతో ఎవరూ పెద్దగా ఆడరు. మధ్యాహ్నం పూట ఖాళీగా కూర్చుని నన్ను పిలిచేవాడు. ఒక గంట అక్షరాలు, ఒక గంట ఆట. అక్షరాలు వచ్చాయి. ఆట రాలేదు. తొమ్మిది ముందురాళ్ళు పెట్టుకుని కూడా ఆయన మీద నేను ఒక్కసారైనా గెలవలేదు.

"చెల్లెమ్మా, నీ రాళ్ళన్నీ ఆ మూలకే పరిగెడుతున్నాయి. అక్కడేమన్నా వాటి పుట్టిల్లుందా" అనేవాడు.

"నిన్ను చూసి పారిపోతున్నాయి అన్నయ్యా" అనేదాన్ని.

పోస్టాయన చేతిలో ఓడేది నేనొక్కదాన్నే. ఈ మాట గుర్తుంచుకోండి, తరవాత కావాలి.

గదిలో అందరికన్నా గట్టి ఆటగాడు మా అల్లుడు. అచ్చాపీసులో కాగితాలు కోసే మిషను దగ్గర పని. చేతివేళ్ళు పదీ ఉన్నాయంటే జాగ్రత్త గల మనిషని అర్థం. పెళ్ళయ్యాక మా అమ్మాయీ అతనూ నా దగ్గరే, మూడో అంతస్తులో రెండు గదుల్లో ఉంటున్నారు. నేను చెప్పే ఏడాదికి అతనికి ఇరవై ఆరు నిండాయి. మా అమ్మాయి ఐదో నెల కడుపుతో ఉంది, వాంతులు తగ్గక కుట్టు మిషన్ల పని మానేసింది.

ఆ ఏడాది మొదట్లో గడియారాలాయన, అంటే కింద కొట్టు యజమాని, గది కూడా ఆయనదే, ఒక పెద్దమనిషిని తీసుకొచ్చాడు. సన్నగా, అరవై దాటిన మనిషి, ఎప్పుడూ బూడిదరంగు కోటు. ఆయనకు గో ఆటే వృత్తి. పన్నెండేళ్ళ వయసు నుంచి అదే పని, అదే కూడు. ప్రతి ఆదివారం వచ్చి గదిలో అడిగినవాళ్ళందరితో ఒక్కో ఆట ఆడేవాడు. అందరూ మాస్టారని పిలిచేవాళ్ళు. మనసులో నేను మాత్రం కోటాయన అనుకునేదాన్ని. నాకాయన మీద మొదటిరోజు నుంచీ నమ్మకం కుదరలేదు. టీ ఇస్తే సగం తాగి సగం ఉంచేవాడు, అదీ ప్రతిసారీ సరిగ్గా ఒకే గీత దాకా. అంత కొలతగా ఉండే మనిషిని చూస్తే నాకు భయం.

గదిలో ఒక నియమం ఉంది. వరసగా మూడుసార్లు గెలిస్తే ముందురాళ్ళలో ఒకటి తగ్గించుకోవాలి. కోటాయనతో అల్లుడు ఆరు రాళ్ళతో మొదలుపెట్టాడు. ఎనిమిది నెలల్లో ఆరు ఐదైంది, ఐదు నాలుగైంది, నాలుగు మూడు, మూడు రెండు. గదంతా అతని వీపు తట్టింది. ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా కంచం అంచున వేలితో గీతలు గీసేవాడు.

"ఏమండీ, అది కంచం" అనేది మా అమ్మాయి.

"తెలుసులే" అనేవాడు, గీస్తూనే.

ఒక మంగళవారం బట్టలు ఉతుకుతుంటే అతని చొక్కా జేబులో రెండు కాగితాలు దొరికాయి. వెనకటి రోజులైతే తీసి బల్ల మీద పెట్టేదాన్ని. ఇప్పుడు నాకు అక్షరాలొచ్చు. కొత్తగా అక్షరాలొచ్చినవాళ్ళకు కాగితం కనిపిస్తే చేతులు ఊరుకోవు. తలుపు గడియ పెట్టి, తొట్టి అంచున కూర్చుని చదివాను. మొదటిది అచ్చాపీసు మేనేజరుగారికి. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ఉద్యోగం మానుకుంటున్నానని. రెండోది ఒక ఫారం. వేరే ఊళ్ళో గో ఆటను వృత్తిగా నేర్పే ఇల్లు. రెండేళ్ళు అక్కడే ఉండాలి. ఇరవై ఏడు దాటినవాళ్ళను తీసుకోరు. కింద అల్లుడి సంతకం.

చదవడానికి అరగంట పట్టింది. అర్థం కావడానికి క్షణం పట్టలేదు. ఒకటో తారీకుకు ఇరవై రోజులే ఉంది. మా అమ్మాయికి ఈ సంగతి తెలియదు. తెలిసుంటే మా ఇంట్లో అంత నిశ్శబ్దం ఉండదు.

కాగితాలు ఆరబెట్టి, మడతలు చెడకుండా, ఇస్త్రీ చేసిన చొక్కా జేబులో మళ్ళీ పెట్టేశాను. నా అనుమానమంతా కోటాయన మీదికే పోయింది. ఆ ఫారం ఇచ్చింది ఆయనే అయ్యుంటాడు. మావాడి చేత గెలిపించి, ఉబ్బించి, ఆ ఇంటికి మనిషిని పంపితే ఈయనకేదో లాభం ఉండి ఉంటుంది. లేకపోతే వృత్తి ఆటగాడేమిటి, కాగితాలు కోసే కుర్రాడి చేతిలో వారం వారం ఓడిపోవడమేమిటి?

గదిలో ఒక పెద్ద రిజిస్టరు ఉంది. ఎవరు ఎవరితో ఆడారు, ఎన్ని ముందురాళ్ళు, ఎన్ని గడుల తేడా, అన్నీ అందులో రాయాలి. సోమవారం పొద్దున గది ఊడ్చాక దాన్ని ముందేసుకుని కూర్చున్నాను. పోస్టాయన వచ్చాడు.

"ఏం చెల్లెమ్మా, లెక్కలు కూడా నేర్చుకుంటున్నావా?"

"ఇది చూడు అన్నయ్యా. మామూలు రోజుల్లో తేడాలు చదువు."

"పదిహేడు. తొమ్మిది. ముప్పై ఒకటి. ఇదిగో, మధ్యలోనే చేతులెత్తేశాడు. అది నేనే."

"ఇప్పుడు ఆదివారాలు చదువు. కోటాయన ఆడినవి మాత్రం."

"ఒకటి. ఒకటి. రెండు. ఒకటి. సమానం. ఒకటి." ఆయన వేలు ఆగింది. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. "అబ్బో. హోరాహోరీగా ఆడారు."

"అందరూనా? తొమ్మిది రాళ్ళు పెట్టుకున్న నువ్వూ ఒక్క గడే, రెండు రాళ్ళు పెట్టుకున్న మావాడూ ఒక్క గడేనా?"

"నేను నా వరసే చూసుకుంటాను చెల్లెమ్మా. ఎవరి గెలుపు వాళ్ళకు ముద్దు" అన్నాడు పోస్టాయన. రిజిస్టరు మూసేశాడు. పాపం, ఆయన ఆ గెలుపుల్ని ఇంట్లో కోడలికి కూడా చెప్పుకున్నాడట.

నాకు మా ఆయన గుర్తొచ్చాడు. మా అమ్మాయి మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వీధి చివరి దాకా ఇద్దరూ పందెం పరిగెత్తేవాళ్ళు. ప్రతిసారీ పిల్లదే గెలుపు. ఆయన ఎప్పుడూ ఒక్క అడుగు వెనకే ఉండేవాడు. రెండడుగులు కాదు. రెండైతే పిల్లకు సరదా ఉండదు. పెద్దవాళ్ళ కాలుకు పసిపిల్ల కన్నా ఒక్క అడుగు వెనకబడటం ఎంత కష్టమో ఎప్పుడైనా చూశారా? ఆయాసపడుతూ, తూలుతూ, మోకాళ్ళు పట్టుకుంటూ. గెలవడం కన్నా అదే కష్టం.

మా ఆయన గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. మా అన్న ఊరు వదిలి వెళ్ళాక పంతొమ్మిదేళ్ళు ఉత్తరాలు రాశాడు. నాకు చదువు రాదు కాబట్టి మా ఆయనే చదివి వినిపించేవాడు. "చెల్లి కులాసాయేనా, వీలు చూసుకుని వస్తాను" అని ఉండేది ప్రతి ఉత్తరంలో. మా ఆయన పోయి, నాకు అక్షరాలొచ్చాక, పెట్టె దించి ఆ ఉత్తరాలు నేనే చదువుకున్నాను. ఒక్కదాంట్లోనూ ఆ మాట లేదు. మా అమ్మ ఆఖరి రోజుల్లో నేను దగ్గర లేనని మా అన్నకు కోపం. సంజాయిషీ అడిగాడు. రమ్మన్నాడు. నాలుగోదాంట్లో బతిమాలాడు. నాకు తెలిసుంటే ఆ రాత్రికే బస్సెక్కేదాన్ని. నేను చదివేనాటికి మా అన్న లేడు. నేను బాధపడతానని మా ఆయన తీపిమాటలు అల్లి చదివాడు. చెడ్డవాడు కాదు. ఆయన మంచితనాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అందుకని ఊరుకోలేకపోయాను. కానీ అల్లుడితో ఏమని చెప్పను? నీ జేబు వెతికానని చెప్పాలి. నీకు ఆట రాదని చెప్పాలి. పోస్టాయన చేతిలో ఓడేదాన్ని, నేను చెబితే నవ్వుతాడు. ఆ ఆలోచన దగ్గరే నాకు దారి దొరికింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం, టీలు ఇవ్వడం అయ్యాక, చేతులు తుడుచుకుని కోటాయన ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను.

"మాస్టారూ, నాతో ఒక ఆట ఆడతారా?"

గదిలో నవ్వులు వినిపించాయి. "అక్కా, పొయ్యి మీద పాలు పొంగుతాయి" అన్నాడు గడియారాలాయన. అల్లుడు ఆ పూట అచ్చాపీసులో ఓవర్‌టైము చేస్తున్నాడు, సాయంత్రం గానీ రాడు. నాకు కావలసింది కూడా అదే.

కోటాయన నవ్వలేదు. "కూర్చోండమ్మా. తొమ్మిది పెట్టుకోండి" అన్నాడు.

తొమ్మిది రాళ్ళు పెట్టుకున్నాను. ఇక చూడండి, నేను బుద్ధిపూర్వకంగా ఆడినంత అడ్డదిడ్డపు ఆట ఎవరూ ఆడి ఉండరు. మంచి చోటు కనిపిస్తే దాన్ని వదిలేశాను. చావబోయే రాళ్ళ పక్కనే ఇంకో రాయి పెట్టాను. నా కంచెలో నేనే రాళ్ళు పెట్టుకుని నా జాగా పూడ్చుకున్నాను. వెనక నిలబడ్డ పోస్టాయన నోరు మూసుకోలేక మూలిగాడు.

కోటాయన చెయ్యి మెల్లమెల్లగా నెమ్మదించింది. అప్పటిదాకా క్షణంలో రాయి పెట్టేవాడు ఒక్కోదానికి ఐదు నిమిషాలు, పది నిమిషాలు తీసుకున్నాడు. నుదుట చెమట పట్టింది. కోటు గుండీ విప్పాడు. నేను ఒక మూల పాడుచేస్తే ఆయన ఇంకో మూల తన రాళ్ళను చంపుకోవాలి, అదీ చంపుకున్నట్టు తెలియకుండా. ఒకసారి తలెత్తి నా కళ్ళలోకి చూశాడు. నేను కూడా ఆయన కళ్ళలోకే చూస్తున్నాను. తేలు కుట్టిన దొంగలా చూపు దించుకున్నాడు.

ఆట అయింది. లెక్కపెట్టారు. నల్లరాళ్ళు, అంటే నేను, ఒక్క గడి తేడాతో గెలిచాను.

గది చప్పట్లు కొట్టింది. పోస్టాయన మాత్రం కొట్టలేదు. తన వరసంతా ఆయన కళ్ళ ముందు తిరుగుతున్నట్టుంది. ఆయన మొహం చూసి నాకు జాలేసింది.

అందరూ కిటికీ దగ్గరికి సిగరెట్లకు పోయాక, రాళ్ళు ఏరుతూ అడిగాను. "ఎందుకు మాస్టారూ?"

ఆయన సగం టీ గ్లాసు పక్కకు జరిపాడు. "నేను ఈ గదికి వచ్చిన మొదటి ఆదివారం పద్నాలుగు మందితో ఆడాను. అందరి మీదా గెలిచాను. రెండో ఆదివారం ముగ్గురే వచ్చారు. గడియారాలాయన మొహం చూడలేకపోయాను. మా గురువు మాకు చెప్పిందేమంటే, ఆటకొచ్చిన అతిథిని ఒక్క గడితో ఇంటికి పంపు, వచ్చే వారం మళ్ళీ వస్తాడు అని."

"మరి అసలాట ఎప్పుడు ఆడతారు?"

"అడిగినప్పుడు. అడిగితే ఆడకపోవడం తప్పు. అడగకుండా ఆడితే మొహం మీద కొట్టినట్టు. ఎనిమిది నెలల్లో ఈ గదిలో ఎవరూ అడగలేదమ్మా."

"మా అల్లుడికీ మీకూ నిజంగా ఎన్ని రాళ్ళు?"

"ఆ మాట ఆయన అడగాలి."

"అడగడు. ఆ ఫారం మీరే కదా ఇచ్చింది. రెండేళ్ళు ఆ ఇంట్లో ఉండమని. ఒకటో తారీకున ఉద్యోగం మానేస్తున్నాడు. పెళ్ళాం కడుపుతో ఉంది."

కోటాయన చేతిలో ఒక తెల్లరాయి ఉంది. అది కిందపడింది. ఎక్కడికో దొర్లిపోయింది, ఆయన వెతకలేదు.

"ఏ ఫారం?" అన్నాడు.

ఆ మొహం చూస్తే అబద్ధమనిపించలేదు. ఒక్క గడి తేడాతో ఓడటం తెలిసినవాడికి కావలసిన మొహం పెట్టడం కూడా తెలుస్తుందని ఆ క్షణంలోనే అనుకున్నాను. తరవాత తెలిసింది, ఫారం అల్లుడే ఉత్తరం రాసి తెప్పించుకున్నాడు. ఆ విషయంలో కోటాయనను నేను అన్యాయంగా అనుమానించాను. ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

"ఆయనకు నేను చెబితే నమ్మడమ్మా" అన్నాడు కోటాయన చివరికి. "వినయానికి అంటున్నానని అనుకుంటాడు. అడగమనండి. అడిగితే దాచను."

రిజిస్టరు తీసి, ఆ రోజు పేజీలో, నా చేత్తో నేనే రాశాను. ఆ పుస్తకంలో నా అక్షరాలు పడటం అదే మొదలు. 'టీ అత్త, మాస్టారు, తొమ్మిది ముందురాళ్ళు, టీ అత్త గెలుపు, ఒక్క గడి.' ఆ ముక్క రాయడానికి టీ చల్లారేంత సేపు పట్టింది.

సాయంత్రం అల్లుడు వచ్చాడు. కోటాయనతో రెండు రాళ్ళతో ఆడాడు. ఒక్క గడి తేడాతో గెలిచాడు. అడగలేదు కాబట్టి ఆయన ఎప్పటిలాగే ఆడాడు. అల్లుడు ఈల వేసుకుంటూ తన గెలుపు రాయడానికి రిజిస్టరు తెరిచాడు. ఈల ఆగింది. నవ్వాడు.

"అత్తయ్యా, మీరు మాస్టారి మీద గెలిచారా?"

"రాసి ఉంది కదా బాబూ."

"మీరంటే జాలిపడి ఓడిపోయుంటారు."

"అయ్యుండచ్చు. ఎంత తేడా?"

"ఒక్క గడి."

"నీదెంత?"

అతను పేజీ మీదికి వంగాడు. కలం మూత తీసి ఉంది, పెట్టడం మరిచిపోయాడు. కాసేపటికి వెనక పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. తనవి మాత్రమే కాదు, అందరివీ చూశాడు. ఎనిమిది నెలల ఆదివారాలు. నేను పొయ్యి తుడుస్తూ వీపు తిప్పుకున్నాను. మనిషి అలాంటి లెక్క చూసుకునేటప్పుడు ఎవరూ చూడకూడదు.

ఆ వారమంతా అల్లుడు కంచం అంచున గీతలు గీయలేదు. "ఆయనకు ఒంట్లో బాగోలేదేమో అమ్మా" అంది మా అమ్మాయి. "బాగైపోతుందిలే" అన్నాను. చొక్కా జేబు మాత్రం రోజూ తడిమేదాన్ని. కాగితాలు రెండూ అక్కడే ఉన్నాయి. బుధవారం ఉతికేటప్పుడు మేనేజరు ఉత్తరానికి కొత్త కవరు కూడా చూశాను. అతను నమ్మదలుచుకోలేదేమో అనుకున్నాను. నమ్మనివాడికి పగలే చీకటి.

ఆదివారం, ఒకటో తారీకుకు ముందురోజు, అల్లుడు పొద్దున్నే గదికి వచ్చి కోటాయన కోసం మెట్ల మీద కూర్చున్నాడు. ఆయన రాగానే లేచాడు.

"మాస్టారూ, ఇవాళ అసలాట ఆడండి. నన్ను చూడకండి, పలకను చూసి ఆడండి."

"ఎన్ని రాళ్ళు?"

"రెండు."

కోటాయన నా వైపు చూడలేదు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. ఆయన కోటు విప్పడం నేను చూడటం అదే మొదటిసారి.

నాకు ఆట రాదని చెప్పాను కదా. కానీ ఆ రోజు నాక్కూడా అర్థమైంది. అల్లుడితో ఎప్పుడూ నిమిషాల తరబడి ఆలోచించి ఆడే మనిషి ఆ రోజు ఆలోచించనే లేదు. అల్లుడు పది నిమిషాలు చూసి రాయి పెడితే ఆయన ఊపిరి పీల్చే లోపల పెట్టేవాడు. ఇన్నాళ్ళూ ఆలోచనంతా ఓడటానికి ఖర్చుపెట్టాడన్నమాట. ముప్పావుగంటలో పలక మధ్యలో అల్లుడి నల్లరాళ్ళు ముప్పైకి పైగా చచ్చాయి. అల్లుడు తల వంచి ఓటమి ఒప్పుకున్నాడు.

"మూడు" అన్నాడు.

మూడుతో ఓడాడు. నాలుగుతో ఓడాడు. గదిలో మిగతా ఆటలు ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు, ఎవరూ సలహా చెప్పలేదు. గడియారాలాయన కిందికి వెళ్ళి కొట్టు మూసేసి వచ్చాడు. ఐదుతో పలక సగం దాకా బాగానే ఉందన్నారు. అంతలో ఒక మూలలో కోటాయన ఒకే ఒక రాయి పెట్టాడు. అల్లుడు దాన్ని ఇరవై నిమిషాలు చూశాడు. చూసి చూసి, తన రాళ్ళు తనే డబ్బాలో వేసుకున్నాడు.

ఆరుతో చివరిదాకా ఆడి పదకొండు గడులతో ఓడాడు. ఎనిమిది నెలల కింద అతను మొదలుపెట్టింది కూడా ఆరుతోనే.

"ఏడైతే పోటీ ఉంటుంది" అన్నాడు కోటాయన. గొంతు మామూలుగానే ఉంది. "ఆట బాగుంది మీది. ఈ ఊళ్ళో ఇంత గట్టి చెయ్యి లేదు. కానీ మేం చిన్నప్పటి నుంచి రోజుకు పది గంటలు ఈ పలక ముందే కూర్చున్నవాళ్ళం. అయినా, నాకూ మాలో పైవాళ్ళకూ మధ్య ఇంకో రెండు రాళ్ళు ఉన్నాయి. నేను జీవితంలో ఒక్క పెద్ద పోటీ కూడా గెలవలేదు."

"ఎనిమిది నెలల క్రితం ఎందుకు చెప్పలేదు?" అన్నాడు అల్లుడు.

"చెప్పుండాల్సింది" అన్నాడాయన. కోటు తొడుక్కుని, ఆ రోజు టీ మొత్తం తాగి వెళ్ళాడు.

మర్నాడు ఒకటో తారీకు. అల్లుడు పనికి వెళ్ళాక వాళ్ళ గదంతా వెతికాను. రెండు కాగితాలూ లేవు, కవరూ లేదు. జేబులో పెట్టుకునే పోయాడు. ఇచ్చేశాడా? రోషం వచ్చినవాడు ఏమైనా చేస్తాడు. ఓడిన మనిషికి ఉన్న ఊళ్ళో ఉండబుద్ధి కాదు. టీలో పంచదార రెండుసార్లు వేశాను. పోస్టాయన తాగి ఏమీ అనలేదు, అంటే ఆయనకూ భయంగానే ఉందన్నమాట. మెట్ల మీద ఏ అడుగు వినిపించినా తలుపు దాకా వెళ్ళొచ్చాను.

సాయంత్రం ఎప్పటి వేళకే అల్లుడు వచ్చాడు. సంచిలోంచి ఒక చిన్న కట్ట తీసి నా చేతిలో పెట్టాడు. కాగితం ముక్కలు, నాలుగూ ఒకే కొలత, అంచులు కత్తితో కోసినట్టు నున్నగా ఉన్నాయి. ఒక వైపు మేనేజరుగారికి రాసిన అక్షరాలు, రెండో వైపు తెల్లగా.

"మిషను మీద కోశాను. రాసుకోడానికి పనికొస్తాయి అత్తయ్యా" అన్నాడు. చెప్పులు విడుస్తూ, నా వైపు చూడకుండా, "ఇకమీద జేబులో కాగితం కనిపిస్తే చదివి ఊరుకోకండి. అడగండి" అన్నాడు.

"నీకెట్లా తెలుసు?"

"మీరు మడతలు నాకన్నా నీటుగా పెడతారు."

మా అమ్మాయి లోపలి నుంచి "ఏ కాగితాలు?" అంది. ఆ రాత్రి అతనే చెప్పాడు. గోడ ఇవతల నుంచి నాకు వినిపించింది ఏడుపో నవ్వో తేల్చుకోలేకపోయాను. మర్నాడు అతని కంచంలో కూర కాస్త ఎక్కువే వడ్డించింది.

ఉత్తరం కోసేశాడు గానీ ఫారం కోయలేదు. అది మేజోళ్ళ కింద ఉంది. ఇప్పుడతనికి ఇరవై ఎనిమిది, ఆ కాగితం ఇక దేనికీ పనికిరాదు. అయినా నెలకోసారి అది ఉందో లేదో చూసి వస్తాను. ఎందుకంటే చెప్పలేను.

అల్లుడు ఆదివారాలు మానలేదు. ఏడు రాళ్ళతో, అసలాట. పోస్టాయన కూడా ఒకరోజు అసలాట అడిగాడు, తొమ్మిది రాళ్ళతో పలక మొత్తం పోగొట్టుకున్నాడు. "ఉత్తరాల సంచి బోర్లించినట్టయింది" అని వారం రోజులు చెప్పుకుని నవ్వాడు. గదిలో సగం మంది రావడం మానేశారు. కోటాయన చెప్పింది నిజమే. మిగిలినవాళ్ళు మాత్రం రిజిస్టరులో పదిహేడులూ ముప్పైలూ రాసుకుంటూ వస్తున్నారు.

వరసగా పద్నాలుగు ఆదివారాలు అల్లుడు ఓడిపోయాడు. పదమూడోదాని తరవాత మనవరాలు పుట్టింది. పదిహేనో ఆదివారం, పిల్లకు పదకొండో రోజు, ఏడు రాళ్ళతో గెలిచాడు. నేనే లెక్క చూశాను. రెండుసార్లు చూశాను.

ఒక్క గడి.

అల్లుడు పలక మీది నుంచి తల ఎత్తలేదు. "మాస్టారూ, నిజమేనా?"

"అడిగినవాడితో ఆడానుగా" అన్నాడు కోటాయన. "నిజమే."

అల్లుడు నమ్మాడు. పైకి వెళ్ళి పిల్లను ఎత్తుకుని ఆ గడి గురించి దానికి గంటసేపు చెప్పాడు. నేను గ్లాసులు కడగడానికి తీశాను. కోటాయన గ్లాసులో టీ సగం ఉంది, సరిగ్గా పాత గీత దాకా. ఆ గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పసిపిల్ల తండ్రికి కానుకగా ఇచ్చాడా? నిజంగానే ఓడాడా? రెండేళ్ళు కావస్తోంది, ఇంకా అడగలేదు. వచ్చే ఆదివారం ఆయనను అడుగుతాను. అడిగితే దాచనన్నాడుగా.

ఇట్లు,
గదిలో అందరూ పిలిచే టీ అత్తను. వయసు అరవై ఆరు. ఉంటున్నది గడియారాల కొట్టు మీద మూడో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమచేతి వైపు గది.